బస్సు వెళ్లిపోయాక మిగిలిన కథ: ‘ఇయర్ ఆఫ్ ద క్యాట్’ ఎలా వినాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ‘అల్ స్టూవర్ట్ 1976లో చేసిన ఇయర్ ఆఫ్ ద క్యాట్‌ని కథలు చెప్పే సాఫ్ట్ రాక్ ఆల్బమ్ అని అందరూ మెచ్చుకుంటారు. మూడుసార్లు విన్నాను. వినడానికి హాయిగానే ఉంది. కానీ టైటిల్ పాట తప్ప మిగతావేవీ మనసులో నిలబడలేదు. కథలు ఎక్కడున్నాయో అర్థం కాలేదు. లోపం నాదా, ఆల్బమ్‌దా?’

కొంత మీది, కొంత ఆల్బమ్‌ది. ఎక్కువ తప్పు మాత్రం దానికి తగిలించిన ‘కథలు చెప్పే పాటలు’ అన్న బోర్డుది. ఆ మాట చెవిన పడగానే, అనగనగా అని మొదలై చివరికి ఏమైందో తేలిపోయే కథ కోసం చెవులు రిక్కించి కూర్చుంటాం. ఈ తొమ్మిది పాటల్లో అలాంటిది దాదాపు లేదు. ఏదో జరగబోతుండగానో, జరిగిపోయిన మరుక్షణమో పాట మనల్ని లోపలికి రానిస్తుంది. అసలు సంఘటన తెరవెనకే ఉండిపోతుంది. అందుకని ‘ఏం జరిగింది?’ అనుకుంటూ వింటే చేతికేమీ చిక్కదు. ‘ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరితో, ఎక్కడ నిలబడి?’ అనుకుంటూ వినాలి.

ఇది నేనేదో పుట్టుకతో కనిపెట్టిన సంగతి కాదు. మొదట్లో నా దగ్గరున్నది ఒక స్నేహితుడు కాపీ చేసి ఇచ్చిన క్యాసెట్. అట్ట లేదు, పాటల సాహిత్యం లేదు. పేర్లు బాల్‌పెన్నుతో రాసి ఉండేవి, అందులో రెండు తప్పులు. ‘ఫ్లయింగ్ సోర్సరీ’ అన్న పాట ఎగిరే పళ్ళాల గురించని చాలా ఏళ్లు అనుకున్నాను (పేరులో ఆ శ్లేష ఉన్నమాట నిజమే, పాట మాత్రం విమానాలది). పైగా అరిగిన ఆ టేపు శాక్సోఫోన్ వచ్చే చోట సాగి, స్వరం కాస్త ఊగేది. తర్వాత శుభ్రమైన సీడీలో విన్నప్పుడు ఆ ఊగు లేక ఏదో పోగొట్టుకున్నట్టు అనిపించింది. అంటే ఇన్నేళ్లూ నేను విన్నది నాదైన ఒక వేరే ఆల్బమ్. కాబట్టి మూడుసార్లకే మీకు అందలేదంటే దిగులు పడకండి.

ముందు మనిషి గురించి రెండు మాటలు, ఎందుకంటే ఇక్కడ అది పనికొస్తుంది. స్టూవర్ట్ 1945లో స్కాట్లాండ్‌లో పుట్టాడు. అరవైల్లో లండన్ ఫోక్ క్లబ్బుల్లో గిటార్ పట్టుకుని ఎదిగాడు. తొలినాళ్లలో రాసినవి ఎక్కువగా సొంత ప్రేమల గోడు. 1969లో వచ్చిన ‘లవ్ క్రానికల్స్’ టైటిల్ పాటలో తన ప్రేమ వ్యవహారాలన్నీ పద్దెనిమిది నిమిషాలు ఏకరువు పెట్టాడు. తర్వాత తన గోడు తనకే విసుగొచ్చిందేమో, చరిత్ర వైపు తిరిగాడు. 1973 నాటి ‘పాస్ట్, ప్రెజెంట్ అండ్ ఫ్యూచర్’లో ఇరవయ్యో శతాబ్దాన్ని పాటలుగా కట్టాడు. అందులోని ‘రోడ్స్ టు మాస్కో’లో ఒక రష్యన్ సైనికుడు రెండో ప్రపంచయుద్ధాన్ని మొదలు నుంచి చివరి దాకా చెప్పుకుంటూ వస్తాడు. గొప్ప పాటే, కాదనను. కానీ అది పాఠం వల్లించినట్టు అన్నీ చెప్పేస్తుంది. ‘ఇయర్ ఆఫ్ ద క్యాట్’ నాటికి అతనికి ఆపడం తెలిసింది. ప్రేమ గోడు, చరిత్ర పాఠం రెండూ ఒకే పాటలో కలిశాయి, రెండూ సగమే బయటికి వచ్చాయి. నా లెక్కలో ఈ ఆల్బమ్ గొప్పతనం ఆ సగంలోనే ఉంది.

మిగతా సగాన్ని ఎవరు చెబుతారంటే, వాయిద్యాలు. ఇది అలంకారంగా అంటున్న మాట కాదు, ఈ ఆల్బమ్ తయారైన పద్ధతే అది. 1976 జనవరిలో లండన్ ఆబీ రోడ్ స్టూడియోలో రికార్డింగ్ జరిగింది. ప్రొడ్యూసర్ అలన్ పార్సన్స్. పింక్ ఫ్లాయిడ్ అనే రాక్ బృందం ఆల్బమ్ ‘డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’కి సౌండ్ ఇంజనీరుగా పనిచేసింది ఈయనే. స్టూవర్ట్ ముందు బాణీలు, వాయిద్యాలు, తీగవాద్యాల అమరిక అంతా పూర్తిగా రికార్డు చేయించి, మాటలు తర్వాత రాసుకున్నాడు. ట్యూనుకి పాట రాయడం మన సినిమా పాటలు వినేవాళ్లకి కొత్తేం కాదు. కానీ గిటార్ పట్టుకుని మాటల మీద బతికే ఫోక్ గాయకుడు అలా చేయడం విడ్డూరం. ఆ పద్ధతి వల్ల ఏం జరిగిందంటే, సంగీతం అప్పటికే ఒక వాతావరణాన్ని, ఒక పొద్దును, ఒక ఊరిని తయారుచేసి పెట్టింది. మాటలు వచ్చి అందులో కాపురం పెట్టాయి. వర్షం ఎంత పడిందో, రాత్రి ఎంత పొడుగో మాటలు చెప్పనక్కర్లేదు, అది గిటార్ చెప్పేసింది. మీరు సాహిత్యంలో కథ వెతికి, దొరక్క, వాయిద్యం వచ్చేసరికి ‘సరే, మళ్లీ మాటలు మొదలయ్యే దాకా ఆగుదాం’ అని మనసు పక్కకు తిప్పుకుని ఉంటారు. కథ నడిచేది సరిగ్గా అక్కడే.

టైటిల్ పాటే తీసుకుందాం. మీకు నచ్చిందన్నారు కదా, ఎందుకు నచ్చిందో అందులోనే జవాబుంది. పాట నిడివి 6 నిమిషాల 40 సెకన్లు. అందులో నాలుగు నిమిషాలకు పైగా మాటల్లేవు! ముందు పియానో. దాదాపు నిమిషం గడిచాక గానీ గొంతు వినపడదు. ఆ పియానో వరస పీటర్ వుడ్‌ది. స్టూవర్ట్ బృందంలో కీబోర్డు వాయించేవాడు. పర్యటనల్లో ప్రతి ఊళ్లోనూ కచేరీకి ముందు సౌండ్ చెక్ సమయంలో దాన్నే వాయిస్తుండేవాడు. విని విని స్టూవర్ట్ చెవిలో అది తిష్ఠ వేసింది, దానికి మాటలు రాస్తానన్నాడు. అందుకే పాట రచనలో వుడ్ పేరు కూడా ఉంటుంది.

మాటలు మాత్రం అంత సులువుగా కుదరలేదు. మొదట ఆ బాణీకి రాసింది ‘ఫుట్ ఆఫ్ ద స్టేజ్’ అనే వేరే సాహిత్యం. టోనీ హ్యాంకాక్ అని ఇంగ్లండ్‌లో పెద్ద పేరున్న హాస్యనటుడు ఉండేవాడు. 1966లో బోర్న్‌మత్‌లో స్టూవర్ట్ అతని ప్రదర్శన చూశాడు. వేదిక మీద అతను తన బతుకెంత ఘోరంగా ఉందో చెప్పుకుంటుంటే జనం పడీపడీ నవ్వుతున్నారు. అది నటన కాదని స్టూవర్ట్‌కి అనిపించింది. 1968లో హ్యాంకాక్ ఆస్ట్రేలియాలో ఆత్మహత్య చేసుకున్నాడు. ఆ పాట రాశాక, అమెరికాలో హ్యాంకాక్ ఎవరికీ తెలియడని రికార్డు కంపెనీ వాళ్లు అభ్యంతరం చెప్పారు. స్టూవర్ట్ దాన్ని పక్కన పెట్టేశాడు. తర్వాత ఒక స్నేహితురాలి దగ్గర వియత్నాం జ్యోతిషం పుస్తకం తెరిచి ఉంటే, అందులో ‘పిల్లి సంవత్సరం’ అన్న అధ్యాయం కంటపడింది. చైనా వాళ్ల పన్నెండేళ్ల చక్రంలో కుందేలు ఉన్న చోట వియత్నాం వాళ్లకు పిల్లి ఉంటుంది. 1975 అలాంటి పిల్లి సంవత్సరమే. 1976 జనవరి చివరిదాకా నడిచింది. అంటే పాట రికార్డయిన నెలతోనే ఆ ఏడూ అయిపోయింది. ఆ పిల్లి సంవత్సరంలోనే దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్ పడిపోయింది, వియత్నాం యుద్ధం ముగిసింది. పాటలో ఆ ఊసే లేదు, నేను అంటగట్టడమూ లేదు. కానీ 1976లో ఈ పేరు విన్న అమెరికన్ చెవికి అది ఏ మూలో తగలకుండా ఉంటుందా అని అప్పుడప్పుడూ అనిపిస్తుంది.

ఇప్పుడు కథ. పాట ‘నువ్వు’ అంటూ నడుస్తుంది. నేనూ కాదు, అతనూ కాదు. ఎక్కడో వేడి దేశంలో, హాలీవుడ్ నటుడు బోగార్ట్ పాత సినిమాలో లాంటి ఊళ్లో, నువ్వు టూరిస్టువి. జనం మధ్య నడుస్తుంటే, ఎండలోంచి పట్టు దుస్తుల్లో ఒకామె వస్తుంది. ఎవరు, ఏమిటి అని అడిగే వ్యవధి ఇవ్వదు. చెయ్యి పట్టుకుని తీసుకుపోతుంది. సంత దుకాణాలు, నీలి పలకల గోడలు, దాచిపెట్టినట్టున్న ఒక తలుపు. నువ్వు దిక్కు తెలియని స్థితికి వచ్చేశావు. మూడు చరణాలు ఇంతే. ఆ తర్వాత మాటలు ఆగిపోతాయి. తీగవాద్యాలు లేస్తాయి, అక్కడినుంచి అకూస్టిక్ గిటార్ అందుకుంటుంది, దాని వెంటే గరగరలాడే ఎలక్ట్రిక్ గిటార్, చివరికి ఆల్టో శాక్సోఫోన్. మళ్లీ గొంతు వచ్చేసరికి తెల్లవారింది. నువ్వింకా ఆమె దగ్గరే ఉన్నావు. బస్సు వెళ్లిపోయింది, టూరిస్టులు వెళ్లిపోయారు, నీ టికెట్టు పోయింది.

చూశారా? ఆ తలుపు దాటడానికీ మర్నాడు తెల్లవారడానికీ మధ్య ఏం జరిగిందో ఒక్క మాట లేదు. ఆ రాత్రి మొత్తం వాయిద్యాల చేతిలో పెట్టేశాడు. ఒక్కో వాయిద్యం మరోదానికి అందిస్తూ పోయే ఆ వరసని ‘సోలోలు’ అనుకుని వింటే నేర్పరితనం కనపడుతుంది, రాత్రి గడవడం అనుకుని వింటే ఒళ్లు జలదరిస్తుంది. అకూస్టిక్ గిటార్ దగ్గర ఇంకా సిగ్గు ఉంది, ఎలక్ట్రిక్ వచ్చేసరికి పోయింది, శాక్సోఫోన్ వేళకి వెనక్కి వెళ్లే దారి మూసుకుంది. శాక్సోఫోన్ పెట్టాలన్న ఆలోచన పార్సన్స్‌ది, వాయించింది ఫిల్ కెంజీ. ఎలక్ట్రిక్ గిటార్ టిమ్ రెన్విక్‌ది. తీగవాద్యాల అమరిక ఆండ్రూ పవెల్‌ది. ఫోక్ పాటగా ఒక గిటార్‌తో పాడేసి ఉంటే ఈ రాత్రి మనకు దక్కేది కాదు.

ఈ పాటకి విడిగా విడుదల చేసిన, కుదించిన సింగిల్ వెర్షన్ ఒకటుంది. 1977 తొలి నెలల్లో అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో పాట ఎనిమిదో స్థానం దాకా వెళ్లింది, ఆల్బమ్ అయిదో స్థానం దాకా. కానీ మీరు ఆ చిన్న వెర్షన్ వింటుంటే మాత్రం మానేయండి. రాత్రిని కోసేసి, ముందటి పగలు పక్కన తెల్లవారుని అతికిస్తే ఇంకేం కథ?

ఒక ఒప్పుకోలు కూడా చేయాలి. ఆ పట్టు దుస్తుల ఆమె ఒక మనిషి కాదు, ఒక ఊహ. అగరు ధూపం, పచ్చౌలీ అత్తరు వాసన, వెన్నెల కళ్లు, పేరులేని తూర్పు దేశం. డెబ్భైల్లో పడమటి కుర్రాళ్లు కన్న కల అది. ఆమె నోట వచ్చేది ఒకటి రెండు పొడుపు మాటలే. ఈ రోజు వింటే అక్కడ కాస్త ఇబ్బందిగా ఉంటుంది, ఉండాలి కూడా. నేను సర్దుకునేది ఎలాగంటే, పాట ఆమె గురించి కాదనుకుంటాను. టికెట్టు పోయినందుకు లోపల్లోపల సంతోషిస్తున్న ఆ ‘నువ్వు’ గురించి. ఏదో ఒకరోజు ఆమెను వదిలి వెళ్లిపోతానని అతనికి తెలుసు, పాటే చెబుతుంది. అయినా ప్రస్తుతానికి ఉండిపోతాడు.

ఇక నా మటుకు ఈ ఆల్బమ్‌లో అన్నిటికన్నా మంచి కథ ‘ఫ్లయింగ్ సోర్సరీ’. ఎల్‌పీ (గ్రామఫోన్ రికార్డు) రెండో వైపు మొదటి పాట. ఎమీ జాన్సన్ పేరు తెలియకపోతే సగం జారిపోతుంది, కాబట్టి చెబుతాను. ఇంగ్లండ్‌లో హల్ నగరం అమ్మాయి. 1930 మే నెలలో చిన్న జిప్సీ మాత్ విమానంలో ఒంటరిగా లండన్ శివార్లలోని క్రోయ్‌డన్ నుంచి ఆస్ట్రేలియాలోని డార్విన్ దాకా ఎగిరింది. అలా ఒంటరిగా అంత దూరం వెళ్లిన మొదటి మహిళ. యుద్ధకాలంలో విమానాలను ఒక చోటి నుంచి మరో చోటికి చేరవేసే పనిలో చేరి, 1941 జనవరి 5న థేమ్స్ నది సముద్రంలో కలిసే చోట కూలిపోయింది. శవం దొరకలేదు.

పాట ఎమీ జాన్సన్ కథ చెబుతుందనుకుంటే మళ్లీ పప్పులో కాలేసినట్టే. చాలా ఏళ్లు నేనూ వేశాను. ఇది మరొక అమ్మాయితో ఎవరో మాట్లాడుతున్న పాట. ఆమె గోడ మీద పాతకాలపు విమానాల ఫోటోలు. చిన్నప్పటినుంచీ నువ్వు ఎమీ జాన్సన్‌వే కదా అంటాడతను. ఆ అమ్మాయి ఎగురుతుంది. ఇతను కింద ఉన్నాడు. ‘అక్కడున్నావా?’ అని పైకి పిలుస్తాడు. పిలుస్తూ అతనికి గుర్తొచ్చేది ఆమె కళ్లో నవ్వో కాదు, ఒంటిమీదున్న జాకెట్. దాని మీద జిడ్డు మరక, ఒకచోట చిరుగు. ప్రేమించిన మనిషి బట్టల మీద మరక ఎక్కడుందో తెలిసినవాడు తనకు ప్రేమ ఉందని వేరే చెప్పుకోనక్కర్లేదు. అతను చెప్పుకోడు కూడా. బదులుగా రెక్కలు కట్టుకుని ఎగిరిన గ్రీకు పురాణ పాత్ర ఇకారస్ అంటాడు, చిత్రకారుడు లియొనార్డో గీసిన బొమ్మలంటాడు, ఫెయిత్, హోప్, చారిటీ అంటాడు. ఆ మూడూ 1940లో మాల్టా దీవిని కాపాడిన పాతకాలపు గ్లాడియేటర్ విమానాలకు జనం పెట్టుకున్న ముద్దుపేర్లు. హరిదాసు అసలు కథ ఆపి పిట్టకథల్లోకి వెళ్లినట్టు, మనసులో మాట దగ్గరికొచ్చినప్పుడల్లా ఇతను విమానాల చరిత్రలోకి తప్పించుకుంటాడు. చివరికి మిగిలేది ఒక మెకానిక్ మాట: ఎప్పుడైనా రిపేరు అవసరమైతే నన్ను పిలువు.

అంతే. ఎవరు వదిలేశారు, ఎందుకు వదిలేశారు అన్నది లేదు. ఆమె ఎగిరిపోయింది, ఇతను కింద పానాతో నిలబడ్డాడు. పానా నేను కల్పించుకున్నది, పాటలో లేదు. నాలుగోసారి వినేటప్పటికి మీకూ ఇలాంటివి కనపడటం మొదలవుతుంది. ఎమీ జాన్సన్ చివరికి ఏమైందో తెలిసినవాళ్లకి ఆ ‘అక్కడున్నావా?’ అన్న పిలుపు ఇంకోలా వినిపిస్తుంది. నేను చెప్పిన సగం అంటే ఇదే. మిగతా సగం వినేవాడి చేతిలో ఉంచాడు.

‘ఆన్ ద బోర్డర్’ మీకు గుర్తుండకపోవడం ఆశ్చర్యమే, ఎందుకంటే ఇది ఉరకలేసే పాట. మొదట్లోనే మెరుపులా వచ్చే స్పానిష్ గిటార్ పీటర్ వైట్‌ది. అప్పటికి ఇరవై ఒకటి ఇరవై రెండేళ్ల కుర్రాడు, బృందంలోకి వచ్చింది కీబోర్డు వాయించడానికి. పాటలో సరిహద్దులు ఒకటి కాదు, మూడు. ఒకటి స్పెయిన్ సరిహద్దు, రాత్రిపూట తుపాకులు దాటిస్తున్న పడవలు. స్పెయిన్ నుంచి విడిపోవాలన్న బాస్క్ వేర్పాటువాదుల కాలం అది, నియంత ఫ్రాంకో చచ్చిపోయి రెండు నెలలు. రెండోది ఆఫ్రికా. అప్పటి రొడీషియాలో తెల్లవాళ్ల పాలన మీద తిరుగుబాటు రగులుతోంది, 1980లో అది జింబాబ్వే అయింది. మూడోది పాడుతున్నవాడి సొంత గది కిటికీ. బయట వాన తలుపు తట్టినట్టు తడుతోంది. వీధిలో దీపం వెలుగులో శతాబ్దపు ఆత్మే నిలబడి ఉన్నట్టు అనిపించింది అతనికి. తాను పెరిగిన దీవుల్లో పైపై డొల్ల తప్ప ఏమీ మిగల్లేదంటాడు. అంటే బ్రిటన్. దూరదేశాల వార్తలు చెబుతున్నట్టు మొదలుపెట్టి, పోయింది మా సామ్రాజ్యమే అని ఇంటికొచ్చి ఒప్పుకుంటాడు. మూడున్నర నిమిషాల్లోపు ఇంత ప్రయాణం. గిటార్ మాత్రం మొదటినుంచీ స్పెయిన్‌లోనే ఉంటుంది, అతను ఇంటికొచ్చినా అది రాదు.

మొదటి పాట ‘లార్డ్ గ్రెన్‌విల్’ కూడా ఇదే కోవ. సర్ రిచర్డ్ గ్రెన్‌విల్ అని ఎలిజబెత్ రాణి కాలపు నావికుడు. 1591లో అజోర్స్ దీవుల దగ్గర ‘రివెంజ్’ అనే ఒక్క ఓడతో, యాభైకి పైగా ఉన్న స్పానిష్ ఓడలతో పోరాడి, గాయాలతో చనిపోయాడు. బడి పుస్తకాల్లో ఉండాల్సిన వీరగాథ. పాటలో యుద్ధం ఎక్కడ? లేదు. ఎవరో అతనికి కబురు పంపుతున్నారు, మా కలలు ఇసుకలో దిగబడ్డాయి, మేమిక ఉండటం లేదు అన్నట్టు. వీరుడి పేరు చెప్పి, వీరత్వం వదిలేసి, వెనకబడిపోయినవాళ్ల గొంతు పట్టుకున్నాడు. అయిదు నిమిషాల పాట, నెమ్మది. ఆల్బమ్‌ని దీంతో మొదలుపెట్టడం వ్యాపారపరంగా తెలివైన పని కాదు, మీలాంటి వాళ్లు ఇక్కడే జారిపోతారు.

‘బ్రాడ్‌వే హోటల్’ రాత్రిపూట ఒంటరిగా వినండి. హోటల్నే ఇల్లు చేసుకున్న ఒకామె. ఎవరూ లోపలికి రావద్దన్న బోర్డు తలుపుకి వేలాడుతుంది, లోకమంతా ఆ అట్టముక్క అవతల ఆగిపోతుంది. గంట నొక్కితే మనిషి వస్తాడు, కావలసింది తెస్తాడు. ఆ వచ్చినవాడితో ఆమె రెండు మాటలంటుంది. పాటంతా ఆ రెండు మాటలే. వయొలిన్ కాస్త ఎక్కువ జాలి పలికించిందని ఒకప్పుడు విసుక్కునేవాణ్ణి. ఈ వయసులో అది సరిపోయిందనిపిస్తోంది.

దాని తర్వాతిది ‘వన్ స్టేజ్ బిఫోర్’. ఇదే వేదిక మీద, ఇదే జనం ముందు, వెనకటి జన్మలో ఎప్పుడో గారడీ చేశానన్న భ్రమలో ఉన్న ఒక కళాకారుడి పాట. పక్కన పెట్టేసిన హ్యాంకాక్ పాట గురించి చెప్పాను కదా. ఆ నవ్వే జనం, ఆ వేదిక పూర్తిగా పోలేదని, కొంత ఇందులోకి వచ్చి చేరిందని నా ఊహ. ఊహే సుమా. కానీ ఇది అయిపోగానే, అదే హ్యాంకాక్ బాణీ మీద కట్టిన టైటిల్ పాట పియానో మొదలవుతుంది. రెండిటినీ ఆపకుండా వరసగా వినండి, ఈ ఊహ మీకూ వస్తుందేమో చూద్దాం.

మిగిలిన మూడు: ‘మైడస్ షాడో’ డబ్బు వెంట పడ్డ మనిషి గురించి, బాగుంటుంది కానీ లోతు తక్కువ. ‘శాండ్ ఇన్ యువర్ షూస్’ తేలికైన వీడ్కోలు పాట. ‘ఇఫ్ ఇట్ డజంట్ కమ్ నాచురల్లీ, లీవ్ ఇట్’ ఆల్బమ్‌లో బలహీనమైనది. పేరుకి అర్థం సహజంగా రాకపోతే వదిలేయ్ అని. ఆ సలహా ఆ పాటకే ఇచ్చి ఉంటే బాగుండేదని నా దురుసు అభిప్రాయం. మొదటి వైపు చివరి మూడూ ఇవే కావడం వల్ల, నాలుగో పాట దగ్గరికి వచ్చేసరికి మీ ధ్యాస పక్కకి పోయి ఉంటుంది. ఆల్బమ్ లోపం అన్నది ఇక్కడ.

సాఫ్ట్ రాక్ అనగానే నీళ్లచారు అని తీసిపారేసేవాళ్లు ఉంటారు. ఈ ఆల్బమ్ విషయంలో ఆ మెత్తదనానికి ఒక పని ఉంది. స్టూవర్ట్ గొంతు చూడండి, సన్నగా, కాస్త ముక్కుతో, ఎక్కడా పైకి లేవదు. ఏడ్చే చోట ఏడవదు. పక్క సీటులో కూర్చున్నవాడు మనవైపు చూడకుండా కిటికీలోంచి బయటికి చూస్తూ చెబుతున్నట్టు ఉంటుంది. ఆ గొంతు వెనక హెవీ డ్రమ్స్ పెడితే మాట మునిగిపోతుంది. పార్సన్స్ డ్రమ్స్‌ని పొడిగా, దగ్గరగా ఉంచాడు. గొంతుకి చుట్టూ ఖాళీ వదిలాడు. భావమంతా గొంతు దాచిపెడితే ఆ దాచింది గిటార్లు, తీగవాద్యాలు బయటపెడతాయి. పాడేవాడే గుండెలు బాదుకుంటే వాయిద్యాలకు చెప్పడానికి ఏం మిగులుతుంది?

ఇక ఎలా వినాలన్నది. మొదటి వైపుతో మొదలుపెట్టకండి. రెండో వైపు నాలుగు పాటలు, ‘ఫ్లయింగ్ సోర్సరీ’ నుంచి టైటిల్ పాట దాకా, ఇరవై నిమిషాల్లోపు అయిపోతాయి. ముందు ఒక పాట సాహిత్యం తెచ్చుకుని, సంగీతం లేకుండా ఉత్తరం చదివినట్టు చదవండి. తర్వాత ఆ కాగితం పక్కన పడేసి, ఆ మనిషి పరిస్థితి ఏమిటో తెలుగులో మూడు వాక్యాల్లో మీకు మీరే చెప్పుకోండి. అనువాదం అక్కర్లేదు. ‘వాడు కింద ఉన్నాడు, ఆమె పైన ఉంది, జాకెట్ చిరిగి ఉంది’ అన్నట్టు చాలు. అప్పుడు పాట పెట్టండి. కాగితం చేతిలో పెట్టుకుని వింటే కళ్లు ముందుకు పరిగెడతాయి, చెవులు వెనకబడతాయి. స్టూవర్ట్ మాటలు చకచకా వస్తాయి, కొన్ని అందవు. అందనివి వదిలేయండి, పేర్లు మాత్రం పట్టుకోండి. ఈ పాటల్లో తాళంచెవి ఎప్పుడూ ఒక పేరులోనే ఉంటుంది: గ్రెన్‌విల్, ఎమీ జాన్సన్, బోగార్ట్. ఒక్కో పేరు గురించి పది నిమిషాలు చదివితే చాలు.

ఏది కొనాలని కూడా అడగొచ్చు. 45 ఏళ్ల సందర్భంగా 2021లో పార్సన్స్ చేతుల మీదుగా రీమాస్టర్ అయి (అంటే శబ్దాన్ని మళ్లీ శుభ్రం చేసి) వచ్చిన ఎడిషన్ బాగుంది, అకూస్టిక్ గిటార్ తీగల మీద వేళ్లు జరిగే చప్పుడు కూడా వినపడుతుంది. దీని తర్వాత వెళ్లాలంటే 1978 నాటి ‘టైమ్ పాసేజెస్’ కంటే ముందు, వెనక్కి 1973కి వెళ్లండి. ‘రోడ్స్ టు మాస్కో’ వింటే, అన్నీ చెప్పేసే స్టూవర్ట్‌కీ, సగం చెప్పే స్టూవర్ట్‌కీ తేడా చెవులకే తెలుస్తుంది.

ఒక చిన్న సంగతి, టైటిల్ పాట చివరిది. అతను ఎప్పటికో వెళ్లిపోతాడని చెప్పాను కదా. ఆ మాట తర్వాత శాక్సోఫోన్ మళ్లీ వస్తుంది, పాట ముగియదు, మెల్లగా తగ్గుతూ తగ్గుతూ దూరమవుతుంది. ముగింపు స్వరం ఎక్కడా కొట్టరు. అక్కడ వాల్యూమ్ పూర్తిగా పెంచి, ఎంతవరకు వినపడుతుందో అంతవరకు వినండి. అతనింకా బయల్దేరలేదు.